పదిహేను నిమిషాల్లో ఎవరి వైపు నిలబడాలి?

అమ్మలూ,

నీ స్క్రిప్ట్ రాత్రే రెండుసార్లు చదివాను. ఐదుగురు కలిసి తీసే సినిమాలో నీకూ పదిహేను నిమిషాల భాగం ఒకటి దక్కిందని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచీ ఇంట్లో అదే కబురు. ముప్పై ఏళ్లు ఎడిటింగ్ రూమ్‌లో కూర్చున్నవాణ్ణి కదా, సంతోషంతో పాటు నాలుగు ముక్కలు పని గురించి కూడా రాయాలనిపించింది.

ముందు 'టెన్ ఇయర్స్ జపాన్' చూడు. 2015లో హాంకాంగ్‌లో ఐదుగురు దర్శకులు తమ ఊరు పదేళ్లకి ఏమైపోతుందో ఊహించి ఒక సినిమా తీశారు. అదే ప్రశ్న జపాన్‌కి వేసుకుని 2018లో ఐదు షార్ట్ ఫిల్ములు తెచ్చారు. పేరున్న జపాన్ దర్శకుడు హిరోకాజు కొరెయెడా పెద్దరికం వహించారు. ఆ ఏడాదే కేన్స్ చిత్రోత్సవంలో ఆయన సినిమాకి అక్కడి అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. అంతటివాడు తను ఒక్క భాగమైనా తీయకుండా, ఐదూ కొత్తతరం దర్శకులకే ఇచ్చాడు.

రోజుకి ఒక్కటే చూడు. నేనొకసారి స్నేహితులకి ఐదూ ఏకబిగిన వేశాను. మూడోది అయ్యేసరికి మొదటిదాంట్లో మొహాలు ఎవరికీ గుర్తులేవు.

మొదట చియె హయాకవా తీసిన 'ప్లాన్ 75' చూడు. 75 ఏళ్లు దాటినవాళ్లు కోరుకుంటే ప్రభుత్వమే చావుకి ఏర్పాట్లు చేసే పథకం. దీని వెనకాల ఒక దారుణం ఉంది. 2016 జులైలో సగామిహారాలో, వికలాంగుల సంరక్షణ కేంద్రంలో ఒకడు 19 మందిని చంపాడు. అలాంటివాళ్లు బతకడమే దండగ అన్నది వాడి వాదన. తనను కుదిపేసిన ఆ ఘటన నుంచే ఈ కథ పుట్టిందని హయాకవా చెప్పారు. కానీ సినిమాలో కత్తి లేదు, అరుపుల్లేవు. లేనివాళ్లయిన ముసలివాళ్లకి పథకం గురించి మర్యాదగా, ఓపిగ్గా చెప్పే ఒక యువ ఉద్యోగి ఉన్నాడు. ఇంట్లో భార్య కడుపుతో ఉంది, ఆమె తల్లికి మతిమరుపు జబ్బు. అంతే, ఆఫీసు పని ఇంటి గుమ్మంలోకి వచ్చేసింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

కెయ్ ఇషికావా భాగం కూడా వదలకు. సైన్యంలో నిర్బంధంగా చేర్చుకునే రోజులు. ఆ చేరికల ప్రచారానికి వేసిన పోస్టర్‌ని పక్కన పెట్టేశారని ఒక కుర్రాడు దాన్ని వేసిన పెద్దావిడ అయిన చిత్రకారిణికి చెప్పాలి. నోట్లోంచి మాట రాదు. యుద్ధం ఎక్కడో ఉంది, మనం చూసేది ఆ కుర్రాడి మొహమాటం. నాకైతే ఐదింటిలో ఇదే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు నీ కథ. ఊళ్లో బడి మూసేస్తున్నారు, హెడ్‌మాస్టర్ నాలుగు పేజీలు మాట్లాడతాడు. కోపం నీది, నిజమైనదే, కానీ ఆ మాటలన్నీ నీవి, ఆయనవి కావు. తీసెయ్. మూసివేత కాగితం పట్టుకొచ్చే గుమస్తా ఒకే సీన్‌లో వచ్చి పోతున్నాడు చూడు, కథ అతనిది చెయ్. అతని కూతురు ఆ బడిలోనే చదువుతోందనుకో. వరండాలో నిలబడి సంతకం కోసం కాగితం చాపుతుంటే, లోపల ఎక్కం అప్పజెప్పే గొంతుల్లో ఒకటి తన కూతురిది. పదమూడో ఎక్కం దగ్గర ఆ పిల్ల తడబడాలి. అతని పెదాలు కదలాలి. అక్కడ కట్ చెయ్.

మరి హెడ్‌మాస్టర్‌కి అన్యాయం కాదా అంటావు. హయాకవా అదే కథని 2022లో పూర్తి సినిమాగా తీసినప్పుడు 78 ఏళ్ల ముసలావిడని మధ్యలోకి తెచ్చారు. ఆ పాత్ర చియెకో బైషో వేశారు. పథకంలో చేరినవాళ్లతో ఫోన్లో మాట్లాడే అమ్మాయికి ఒక్కో కాల్‌కి పదిహేను నిమిషాలే గడువు. ఆ కబుర్లు చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. అలాంటి ఒంటరితనం చూపించడానికి రెండు గంటలు కావాలి. ఆ సినిమాకి కేన్స్‌లో, దర్శకుల తొలి సినిమాకి ఇచ్చే కెమెరా డోర్ విభాగంలో ప్రత్యేక ప్రస్తావన దక్కింది. నీ హెడ్‌మాస్టర్‌నీ దాచుకో, ఆయనకి పెద్ద సినిమా కావాలి.

మిగతా నలుగురి స్క్రిప్టులు అడిగి చదువు. నీ భాగానికి ముందు వచ్చేది ఏడుపుతో ముగిస్తే, నీది నిశ్శబ్దంగా మొదలవ్వాలి. వరస ఖాయం కాకముందే ఆ సంగతి మాట్లాడుకోండి, ఎడిటింగ్‌కి వచ్చాక మొహమాటాలు అడ్డొస్తాయి.

ఆదివారం వచ్చేటప్పుడు గుమస్తా సీన్ ఒక్కటే రాసుకురా. ఒకటిన్నర పేజీ దాటకుండా.

మీ పెదనాన్న