దానంతట అదే నడిచే కారును ఏమనాలి?

సందేహం: కొత్తరకం కార్ల గురించి రాసేటప్పుడు 'స్వయంచాలక', 'స్వయంచాలిత', 'అనుసంధాన', 'డ్రైవర్ లేని' అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. ఏది సరైనది? 'తనను తాను నడుపుకునే కారు' అనవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ముందు క్రియ సంగతి చూద్దాం. 'నడుచు' అకర్మకం, 'నడుపు' సకర్మకం. గుంటూరు నుంచి బెజవాడకు బస్సు నడుస్తుంది. డ్రైవరు దాన్ని నడుపుతాడు. అందుకే 'నడిచే కారు' అన్నంత మాత్రాన కొత్తదనం తెలియదు. 'తనను తాను నడుపుకునే' అంటే ఇంగ్లిషు వాసన కొడుతుంది. తలుపు దానంతట అదే మూసుకుందంటాం కదా, అలాగే 'దానంతట అదే నడిచే కారు' అనండి. 'తనంతట తాను' మనుషులకు బాగుంటుంది.

'స్వయంచాలిత' వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అయితే 'స్వయంచాలక' ఇప్పటికే వాడుకలో స్థిరపడింది, అదే ఉంచుకుందాం.

'అనుసంధాన వాహనం' సంగతి పూర్తిగా వేరు. అది తోటి వాహనాలతో, సిగ్నళ్లతో సమాచారం ఇచ్చిపుచ్చుకుంటుంది. బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడబోతోందని కారుకు ముందే కబురు అందిందనుకోండి. అది అనుసంధానమే, కానీ స్టీరింగు ఇంకా డ్రైవరు చేతిలోనే ఉంది. మరో కారు ఎవరితోనూ మాట్లాడకుండా తన కెమెరాలు, రాడార్లతోనే దారి చూసుకుని నడవవచ్చు. అది స్వయంచాలకం. రెండు గుణాలూ ఒకే కారులో ఉన్నా మాటలు రెండూ ఒకటి కావు.

'డ్రైవర్ లేని' అన్న మాట దగ్గర మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ఈ కార్లను 0 నుంచి 5 దాకా స్థాయిలుగా విభజించింది. 2వ స్థాయిలో స్టీరింగు, వేగం, బ్రేకు కారే చూసుకున్నా, రోడ్డు మీద కన్ను వేసి ఉంచాల్సింది మనిషే. 3లో కొన్ని పరిస్థితుల్లో చూపు తిప్పుకోవచ్చు, కానీ కారు అడగగానే పగ్గాలు అందుకోవాలి. 4లో నిర్ణీత పరిధిలో మనిషి అక్కర్లేదు; 5లో ఆ పరిధి కూడా ఉండదు. కాబట్టి చివరి రెండింటికే 'డ్రైవర్ లేని' అన్న మాట నప్పుతుంది. మన దగ్గర అమ్ముతున్న అడాస్ (డ్రైవరుకు సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) ఉన్న కార్లలో ఎక్కువ భాగం 1, 2 స్థాయిలవే. వాటిని 'డ్రైవర్ లేని కార్లు' అని రాస్తే, ఆ మాట నమ్మి మంగళగిరి హైవే మీద ఎవరైనా స్టీరింగు వదిలేస్తే ప్రాణం పోతుంది. వాటిని 'డ్రైవరుకు సాయపడే కార్లు' అని రాయండి. 'లెవెల్'కు 'స్థాయి' సరిపోతుంది. 'అడాస్'ను అనువదించనక్కర్లేదు, షోరూముల్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆ మాటే వాడుతున్నారు.