ఎంపవర్, మాగ్జిమైజ్ కలిస్తే 90 వస్తుందా?

ప్రశ్న: మేము డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటను 3.5 ఎడిషన్ నియమాలతో ఆడుతున్నాము. నా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) 15వ లెవెల్‌కు చేరాడు. ఫైర్‌బాల్‌కు ఆరు ముఖాల పాచికలు 10 వేస్తాం, పాచికలన్నీ గరిష్ఠంగా పడినట్టు లెక్కించే మాగ్జిమైజ్ స్పెల్ జోడిస్తే 60 డ్యామేజ్ కదా. దానికి ఎంపవర్ స్పెల్ కూడా కలిపితే ఒకటిన్నర రెట్లు, అంటే 90 రావాలని నా వాదన. ఆట నడిపే మిత్రుడు ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ మిత్రుడి మాటే సరైనది. ఈ రెండు ఫీట్లూ (పాత్రకు దక్కే ప్రత్యేక నైపుణ్యాలు) ఒకదాని ఫలితంపై మరొకటి పనిచేయవు. రెండూ అసలు మంత్రంపైనే విడివిడిగా పనిచేస్తాయి. మాగ్జిమైజ్ వల్ల 60 ఖాయం. ఎంపవర్ వాటా కోసం 10 పాచికలనూ మామూలుగా వేసి, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆ 60కి కలపాలి. పది పాచికల సగటు 35 కాబట్టి మీకు సాధారణంగా 77, 78 దాకా వస్తుంది. పదింటిలోనూ ఆరే పడితే తప్ప 90 రాదు, అలా పడటాన్ని నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఇక దీని ఖరీదు చూడండి. ఎంపవర్‌కు 2, మాగ్జిమైజ్‌కు 3 చొప్పున స్లాట్ (మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే అవకాశం) లెవెల్ పెరుగుతుంది కనుక, మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ మీ ఎనిమిదో లెవెల్ స్లాట్‌ను మింగేస్తుంది. పైగా స్లాట్ ఎంత పెద్దదైనా మంత్రం లెవెల్ మూడుగానే ఉంటుంది కాబట్టి సేవింగ్ త్రో (మంత్రం దెబ్బను తగ్గించుకోవడానికి ఎదుటివాడు వేసే పాచిక) డీసీ, అంటే అందులో అతను చేరాల్సిన అంకె, పెరగదు. ఇలా మంత్రాన్ని మార్చే ఫీట్లలో దాన్ని పెంచేది హైటెన్ స్పెల్ ఒక్కటే. ఎదుటివాడు రిఫ్లెక్స్ సేవ్‌లో (చురుగ్గా తప్పుకునే సేవింగ్ త్రో) గెలిస్తే మీరు ఇంత కష్టపడి పెంచిన డ్యామేజ్‌లో సగం పోతుంది.

ఎంపవర్ ఒక్కదాన్నే వాడదలచుకున్నా, అదే ఐదో లెవెల్ స్లాట్‌లో పట్టే కోన్ ఆఫ్ కోల్డ్‌తో (శంకువు ఆకారంలో చలి విరజిమ్మే మంత్రం) పోల్చుకోవడం మంచిది. 10వ లెవెల్‌లో రెండు మంత్రాలకూ 10 పాచికలే కాబట్టి ఎంపవర్ చేసిన ఫైర్‌బాల్ సగటు 52.5, కోన్ సగటు 35. అక్కడ ఫైర్‌బాల్‌దే పైచేయి. అయితే ఫైర్‌బాల్ 10 పాచికల దగ్గర ఆగిపోతుంది, కోన్ 15 వరకు పెరుగుతుంది. మీరున్న 15వ లెవెల్‌లో రెండింటి సగటూ సరిగ్గా 52.5 అవుతుంది, కోన్ డీసీ మాత్రం 2 ఎక్కువ. దూరం నుంచి కొట్టవలసివస్తే తప్ప మీ స్థానంలో నేను కోన్‌నే ఎంచుకుంటాను.

ప్రశ్న: ఐదో ఎడిషన్‌లో సోర్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర) వాడే ఎంపవర్డ్ స్పెల్ కూడా ఒకటిన్నర రెట్లేనా?

జవాబు: కాదు, పేరు మాత్రమే పాతది. 2014 నియమాల ప్రకారం ఒక సోర్సరీ పాయింట్ (మంత్రాలను మార్చడానికి సోర్సరర్ వాడే పాయింట్) ఖర్చుచేసి, కరిష్మా మాడిఫయర్ (వ్యక్తిత్వ బలం స్కోరును బట్టి వచ్చే అంకె) ఎంతో అన్ని డ్యామేజ్ పాచికల వరకు మళ్ళీ వేయవచ్చు. కొత్తగా పడినవి తక్కువైనా వాటినే తీసుకోవాలి. ఆరు ముఖాల పాచికలో 1, 2, 3 పడినవాటినే మళ్ళీ వేస్తే ఒక్కోదానికి సగటున 1.5 కలిసివస్తుంది, 4 పడినదాన్ని ముట్టుకుంటే నష్టపోతారు. లాభం చిన్నదే, కానీ ఆ మంత్రానికి వేరే మెటామ్యాజిక్‌ను (మంత్రాన్ని మార్చే ఇలాంటి మరో పద్ధతి) ముందే వాడి ఉన్నా దీన్ని అదనంగా వాడుకోవచ్చు.