అమ్మలూ, ముందు నీ కొలత, తర్వాతే సైకిల్

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మణికొండ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకి ఇక రోజూ సైకిల్ మీదే వెళ్తానని నువ్వు ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి నాకు ఒకపక్క సంతోషం, ఇంకోపక్క టెన్షన్. ఆఫీసులో ఎవరో అబ్బాయి తన సైకిల్‌ని సగం ధరకే ఇస్తానన్నాడని, ఈ వారంలోనే తెచ్చుకుంటానని అన్నావు. డబ్బులు ఇచ్చే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

ఆ అబ్బాయిది ఐదడుగుల పది అంగుళాల ఎత్తు అన్నావు. నీది ఐదడుగుల రెండు. సీటు దించుకుంటే సరిపోతుందని చెప్పే ఉంటాడు. సీటు దిగుతుందమ్మా, ఫ్రేమ్ దిగదు. హ్యాండిల్ దగ్గరికి జరగదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడ్డకడ్డీ నీ కాళ్ల మధ్య ఒత్తుకుంటుంది, వంగి వంగి మెడ పట్టేస్తుంది, నెల తిరక్కుండా అది బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. అలా మూలపడ్డ సైకిళ్లను నేను ఎన్నో చూశాను.

తెనాలిలో షాపు నడిపిన 31 ఏళ్లలో నేను ఎక్కువగా విన్న మాట, "ఎదిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్దదే ఇవ్వండి" అని. ఏడో తరగతి పిల్లాడికి ఒక తండ్రి అలాగే అడిగాడు. పిల్లాడి కాలివేళ్లు కూడా నేలకు అందడం లేదని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా బేరం పోతుందని నోరు మూసుకుని, 22 అంగుళాల ఫ్రేమ్ నల్ల సైకిల్ ఇచ్చేశాను. వారం కూడా కాలేదు, కాలవ గట్టు మీద గేదె అడ్డం వస్తే వాడు బ్రేకు వేశాడు. కాలు ఆనడానికి నేల అందలేదు. ముందు పళ్లు రెండు విరిగాయి. ఆ తర్వాత కాళ్లు కొలవకుండా నేను ఎవరికీ సైకిల్ అమ్మలేదు. నీకూ అమ్మనివ్వను.

కొలత ఇలా తీసుకో. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడు. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచు. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని, వీపు భాగం పైకి ఉండేలా కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కు. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా మీ రూమ్మేట్‌తో టేపు పెట్టించు. మూడుసార్లు కొలిచి రాసుకో. నీ ఎత్తుకు 72 సెంటీమీటర్ల దరిదాపుల్లో వస్తుందని నా అంచనా. మొత్తం ఎత్తు కంటే ఈ లెక్కే ముఖ్యం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పొడుగు ఉంటుంది.

అడ్డకడ్డీ ఉన్న సైకిల్ అయితే, దాని మీదుగా రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడినప్పుడు కడ్డీకీ నీకూ మధ్య కనీసం మూడు నాలుగు సెంటీమీటర్ల సందు ఉండాలి. అంటే కడ్డీ ఎత్తు 68 దాటకూడదు. ఆ అబ్బాయి సైకిల్‌కి టేపు పెట్టి చూడు, నేను చెప్పేది అక్కడే తేలిపోతుంది.

షాపులో 26, 27.5, 29 అని చెబుతారు. అవి చక్రాల సైజులు, నీ సైజు కాదు. ఫ్రేమ్ సైజు ఎంత అని విడిగా అడుగు. నీకు 15 లేదా 16 అంగుళాలు, అక్షరాల్లో చెబితే ఎస్ సరిపోవాలి. కానీ ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఎమ్‌కి దగ్గరగా ఉంటుంది, కాబట్టి స్టిక్కర్ చూసి కొనకు, ఎక్కి తొక్కి కొను. నా మాట వింటే అడ్డకడ్డీ లేని, ఫ్రేమ్ కిందికి వంగి ఉన్న సైకిలే తీసుకో. రోజూ చుడిదార్‌లో, వీపున ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో, ట్రాఫిక్‌లో పదిసార్లు ఎక్కి దిగాలి నువ్వు. ఆడవాళ్ల సైకిల్ అని ఎవరైనా అంటే అననీ. చెయిన్ కవరూ, వెనక చక్రానికి జాలీ ఉన్నవే చూడు. చున్నీ వేసుకుంటే కొసలు నడుముకు ముడేసుకో. చున్నీ చక్రంలో చుట్టుకుని పడ్డవాళ్లను నా చేతులతో లేపాను.

హ్యాండిల్ దూరం చూడటానికి మా షాపు పద్ధతి మూర లెక్క. మోచేతిని సీటు ముక్కుకు ఆనించి చేయి ముందుకు చాపు. మధ్యవేలి కొసకీ హ్యాండిల్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటే ఫరవాలేదు, అంతకు బాగా ఎక్కువైతే నీకు దూరమే. ఇది ఉజ్జాయింపు. అసలు పరీక్ష తొక్కినప్పుడు తెలుస్తుంది: మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, బరువంతా అరచేతుల మీద పడకూడదు. పది నిమిషాలకే వేళ్లు తిమ్మిరెక్కితే ఆ సైకిల్ వద్దు.

ఇక సీటు ఎత్తు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని కోరుకుంటారు. అలా పెట్టుకుంటే మోకాళ్లు బాగా మడిచి తొక్కాలి, ఆరు నెలల్లో మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. లెక్కలో కావాలంటే నీ కాలి కొలతను 0.883తో గుణించు. 72కి సుమారు 63.6 సెంటీమీటర్లు వస్తుంది. పెడళ్లు తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పై దాకా అంత దూరం పెట్టించు, తర్వాత నీకు హాయిగా ఉండేలా కొద్దిగా అటూ ఇటూ సర్దుకో. నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువైందని అర్థం. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడేంత పైకి ఎప్పుడూ లాగకు.

అంత ఎత్తులో కూర్చుంటే ఆగినప్పుడు మునివేళ్లే అందుతాయి, భయపడకు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడటం నేర్చుకో. నువ్వు కాలేజీ తర్వాత సైకిల్ ముట్టలేదు కాబట్టి మొదటి వారం సీటు తక్కువగానే ఉంచి, రోజుకు కొంచెం పెంచుకుంటూ పో. ప్రాక్టీసుకి మీ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది, 2023లో మొదలైనప్పుడు 23 కిలోమీటర్లు. రెండు ఆదివారాలు అక్కడ తొక్కాకే ఆఫీసు దారి పట్టు.

హెల్మెట్ సంగతి. స్కూటీ హెల్మెట్ ఉందిగా అన్నావు. అది బండి వేగానికి చేసింది, బరువు, చెవులు మూస్తుంది. మే నెలలో అది పెట్టుకుని చెమటోడ్చి తొక్కితే నాలుగో రోజు ఇంట్లో వదిలేస్తావు. సైకిల్ హెల్మెట్ 300 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, గాలి ఆడుతుంది. అలాగని దీన్ని స్కూటీ మీద పెట్టుకోకు, దానికి ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కావాలి. సైకిల్ హెల్మెట్ లోపల ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో రాసి ఉందో లేదో చూడు. మొదటిది యూరప్ ప్రమాణం, రెండోది అమెరికాది. యూరప్ పరీక్షలో హెల్మెట్‌ను సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి చదును ఇనుము మీద పడేస్తారు. సైకిల్ మీద నుంచి ఒరిగితే నీ తల పడేదీ దాదాపు ఆ ఎత్తు నుంచే. లారీ గుద్దితే ఆపుతుందని ఎవరూ చెప్పలేరు, అందుకే లారీల పక్కన దూరొద్దు.

కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకో. 55 నుంచి 59 సెంటీమీటర్ల దాకా చాలా కంపెనీల్లో ఎమ్ సైజు. రోజూ ఆఫీసుకి ఎలా జడ వేసుకుంటావో అలాగే వేసుకుని షాపుకి వెళ్లు. కొప్పు మీద కూర్చున్న హెల్మెట్ వెనక్కి జారి నుదురు బయటపడుతుంది, పడితే ముందు తగిలేది అదే. జడ మెడ దగ్గర కిందికే ఉండాలి. పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒక్క వేలు మాత్రం దూరాలి. బకిల్ పెట్టకుండానే తల ఊపు. హెల్మెట్ జారితే అది నీ సైజు కాదు.

ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలిందా, పైకి బాగానే కనిపించినా పారేయి. లోపలి థర్మాకోల్ లాంటి పదార్థం నలిగి దెబ్బను తాను తీసుకుంటుంది, మళ్లీ కోలుకోదు. ఈ కారణంతోనే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత చవకైనా వద్దు. ఎండలో కారులో వదిలేయకు, పెట్రోలుతో తుడవకు.

రెండు కొలతలూ, కాలిదీ తలదీ, రాత్రికి నాకు వాట్సాప్‌లో పంపు. ఆ అబ్బాయికి పెదనాన్న వద్దన్నాడని చెప్పు, నామీదే పెట్టు. ఆదివారం షాపులో సైకిల్ ఎక్కినప్పుడు వీడియో కాల్ చేసి, ఫోన్‌ను పక్క నుంచి పట్టుకోమని మీ రూమ్మేట్‌కి చెప్పు. పెడల్ కిందికి వచ్చినప్పుడు నీ మోకాలు ఎలా ఉందో నేను చూడాలి.

ఇట్లు,
పెదనాన్న