పదో తారీఖుకే ఖాళీ అయ్యే ఖాతా: మా ఇంటి అనుభవం

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మీ అబ్బాయికి ఒకటో తారీఖున పంపే 6,000 రూపాయలు పదో తారీఖుకల్లా ఫోన్ చెల్లింపుల్లోనే అయిపోతున్నాయని, అడిగితే "పెద్దగా ఏమీ కొనలేదమ్మా" అంటున్నాడని రాశారు. అతను అబద్ధమాడటం లేదని నా నమ్మకం. కాకినాడలో చదివే మా అమ్మాయి కూడా ఇదే మాట అన్నది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొబ్బరి దింపు డబ్బు రాగానే మా అత్తగారు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కిరాణాకు, పాలకు, మందులకు విడివిడిగా కట్టలు కట్టి బీరువాలో పెట్టేవారు. కట్ట పలచబడేకొద్దీ చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గేది. ఫోన్‌తో స్కాన్ చేసే పిల్లలకు ఆ పలచబడటం కంటికి కనిపించదు.

సంక్రాంతి సెలవుల్లో అమ్మాయీ నేనూ అరుగు మీద కూర్చుని లెక్క తీశాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చిన్న చెల్లింపులకు విడిగా సొమ్ము ఉంచుకునే యూపీఐ లైట్‌లోకి మళ్లించిన మొత్తాలే తప్ప విడి ఖర్చులు లేవు, ఎందుకంటే అవి యాప్‌లో మాత్రమే కనిపిస్తాయి. అక్కడ చూస్తే టీ 15, పునుగులు 30, రాత్రి పదకొండింటికి తెప్పించుకున్న నూడుల్స్ 149, ఇలా ఒక్క వారంలో 38 చెల్లింపులున్నాయి. నేను మందలించలేదు. అన్నీ కాగితం మీద రాయించి, వాటిలో నిజంగా కావాలనుకున్నవాటికి తననే టిక్కు పెట్టమన్నాను. పదకొండు ఖర్చులకే పెట్టింది.

ఆ రోజే యూపీఐ లైట్ తీసేయించాను. అందులో ఇప్పుడు 1,000 రూపాయల వరకు పిన్ అడగరు, ఆ పిన్ అంకెలు నొక్కే క్షణమే మనిషికి ఆలోచించుకునే వ్యవధి. మిగిలిన సొమ్ము తిరిగి ఖాతాలోకే వస్తుంది. ఫీజుల ఖాతాను యూపీఐ నుంచి తప్పించి, వేరే ఖాతాలో ప్రతి సోమవారం 1,200 వేయడం మొదలుపెట్టాను. ఖాతా నుంచి దానంతటదే డబ్బు కట్టే ఆటోపేలో మరచిపోయిన చందాలు రెండు దొరికితే వాటినీ రద్దు చేశాం.

యూపీఐ సర్కిల్ ద్వారా మీ ఖాతా నుంచే అబ్బాయి చెల్లించేలా, ప్రతిదానికీ మీరు అనుమతి ఇచ్చేలా పెట్టుకోవచ్చు గానీ, ఇరవై ఏళ్ల పిల్లవాడు టీకి కూడా తల్లి అనుమతి కోసం ఎదురుచూడటం నాకు సమ్మతం కాదు.

మొదటి నెలలో రెండుసార్లు గురువారానికే డబ్బు అయిపోయింది. హాస్టల్ భోజనం ఉంది కనుక సోమవారం దాకా ఆగమన్నాను. డబ్బు అయిపోయిందన్న ఫోన్ మీకూ వస్తుంది, అందుకే ఇంట్లో అందరూ ముందే ఒక మాట మీద ఉండండి. మా వారు నాకు తెలియకుండా 500 పంపడంతో మేము మళ్లీ మొదటికి రావలసివచ్చింది.