న్యాయ సలహాలు: మతం మారితే ఇంటి స్థలంలో వాటా పోతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో కాలవ గట్టున ఉన్న పల్లె. 2004లో బాప్తిస్మం తీసుకున్నాను. నాన్నగారు రిజిస్టరు దస్తావేజుతో కొన్న 8 సెంట్ల స్థలం, అందులో పెంకుటిల్లు ఉన్నాయి. పోయినేడాది ఆయన కాలం చేశారు. వీలునామా లేదు. అమ్మ, తమ్ముడు, చెల్లెలు ఉన్నారు. మతం మారినవాడికి గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల జాగాలో) గజం కూడా రాదని రామాలయం అరుగు మీద పెద్దలు తేల్చారు. 50 వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మా అమ్మాయి 2001లో, అబ్బాయి 2007లో పుట్టారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సంతకం పెట్టకండి. మతం మారినవాడి ఆస్తి హక్కు పోతుందన్న పాత కట్టుబాటును 1850లోనే 21వ చట్టం కొట్టేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 4వ సెక్షన్ తనకు విరుద్ధమైన ఆచారాలను చెల్లనివ్వదు. అందులో చెప్పిన కారణాలు తప్ప మరే కారణంతోనూ వారసుణ్ణి పక్కన పెట్టకూడదని 28వ సెక్షన్ అంటుంది. ఆ కారణాల్లో వారసుడు తాను మతం మారడం లేదు. అరుగు మీద తీర్పు అరుగు దాటి చెల్లదు.

ఇది నాన్నగారి స్వార్జితం కాబట్టి లెక్క తేలికే. మీ నలుగురికీ సమానంగా తలా 2 సెంట్లు, అంటే దాదాపు 97 గజాలు. తాతల నాటిదైతే లెక్క వేరు. బాప్తిస్మం రోజుతోనే మీరు ఉమ్మడి నుంచి విడిపోయినట్టు చూసి, ఆనాటి వాటా కడతారు.

అసలు మెలిక 26వ సెక్షన్‌లో ఉంది. మతం మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తి వారసత్వంగా రాదు, ఆస్తిపరుడు చనిపోయి వారసత్వం తెరుచుకునేనాటికి వాళ్లు హిందువులైతే తప్ప. అమ్మాయికి ఈ అడ్డు లేదు. అబ్బాయికి ఉంది. నాన్నగారి కంటే ముందు మీరే పోయి ఉంటే వాడికి తాత ఆస్తి దక్కేది కాదు. ఇప్పుడు 2 సెంట్లు మీ పేరున వచ్చాయి కనుక మీ తర్వాత 1925 భారత వారసత్వ చట్టం కింద ఇద్దరికీ వెళ్తాయి. చర్చి రిజిస్టర్లో బాప్తిస్మం తేదీ నకలు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఇందుకే కావాలి.

వాటితో పాటు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్నగారి దస్తావేజు నకలు, ఈసీ (ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. ఇంటి పన్ను రసీదు అనుభవానికి సాక్ష్యమే గానీ హక్కు పత్రం కాదు. తమ్ముడు పన్ను తన పేరున మార్పించుకున్నంత మాత్రాన స్థలం ఆయనది కాదు. మన ఊళ్లలో చాలా తగాదాలు ఈ రసీదు దగ్గరే మొదలవుతాయి.

100 రూపాయలు దాటిన స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. అయినా పెద్దల ముందు రాసిన తెల్లకాగితాన్ని రేపు ‘వెనకటి పంపకాల గుర్తు’ అని చూపే ప్రమాదముంది. డబ్బు పుచ్చుకున్నట్టు అందులో ఉంటే మరీ చిక్కు.

ముందు వకీలు నోటీసు, ఆపై సివిల్ కోర్టులో భాగ పరిష్కార దావా, అంటే ఆస్తి పంచి వాటా ఇప్పించమనే దావా. వాటా లేదని బాహాటంగా గెంటేసిన రోజు నుంచి 12 ఏళ్లు దాటితే హక్కు చేజారొచ్చు. ఇల్లు చీల్చలేమనుకుంటే మీ వాటా అమ్ముకోవచ్చు, కానీ హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ముందు తోటి వారసులను అడగాలి. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకోండి, అది కోర్టు డిక్రీతో సమానం. అమ్మ గానీ చెల్లెలు గానీ దావా వేస్తే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ప్రశ్న: ఎస్సీ కోటాలో వచ్చిన ఇంటి పట్టా, క్రైస్తవం పుచ్చుకుంటే రద్దవుతుందా?

జవాబు: దానంతటదే కాదు. రద్దు చేయాలంటే అధికారులు పట్టా షరతు ఉల్లంఘన చూపి, నోటీసిచ్చి, మీ మాట వినాలి. అయితే ఎస్సీ కులాలపై 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు. మీది బీసీ-సి, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారి బీసీ వర్గం. కొత్త దరఖాస్తుల్లో పాత ఎస్సీ సర్టిఫికెట్ వాడకండి.