అల్లుడూ, ముందు ఆ బార్ పైకెత్తు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త ట్రాక్టర్ పూజ ఫొటోలు చూశాను. బండి బాగుంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకాలు, అక్క చేతిలో హారతి పళ్ళెం, అన్నీ బాగున్నాయి. మీ అత్తకి చూపిద్దామని నాలుగో ఫొటో పెద్దది చేశాను. అక్కడ ఆగిపోయాను. సీటు వెనక ఉన్న రోల్ బార్‌ని, అదే బండి తిరగబడితే డ్రైవర్ నలిగిపోకుండా అడ్డుండే ఇనుప చట్రాన్ని, మడిచి వెనక్కి వాల్చి, దానికి బంతిపూల దండ చుట్టారు. దండ పక్కన, ఎడమ మడత దగ్గర పిన్ను ఉంది గానీ ఆ పిన్ను జారిపోకుండా పెట్టే క్లిప్పు లేదు. దాని బదులు ఎవరో బైండింగ్ వైరు ముక్క మెలిపెట్టారు. కొత్త బండికి! ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

షోరూం కుర్రాడు నీకు ఏం చెప్పి ఉంటాడో ఊహించగలను. "పామాయిల్ తోటలో మట్టలు తగులుతాయి సార్, మడిచేసుకోండి" అని ఉంటాడు. టాప్ ఫ్రీగా బిగిస్తామని కూడా అని ఉంటాడు. ఆ బార్ ఎందుకుందో మాత్రం చెప్పి ఉండడు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళూ చెప్పరు. నిజానికి మన వైపు తిరిగే బండ్లలో చాలావాటికి అసలు బారే లేదు. నీ బండికి కంపెనీతోనే వచ్చింది, అది నీ అదృష్టం.

నా సంగతి నీకు సగమే తెలుసు. 2004 సార్వాలో దమ్ము చేస్తుంటే బండి ఇరుసు దాకా కూరుకుపోయింది. వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి, ముందుకి గేరు వేసి క్లచ్ వదిలాను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం. చక్రం తిరగడానికి వీల్లేకపోతే ఇంజన్ బలం ఎక్కడికి పోతుంది? ఇరుసు చుట్టూ బండినే పైకి తిప్పుతుంది. ముందు చక్రాలు లేచాయి. స్టీరింగ్ ఎదురుగా పొలం కనపడాల్సింది, మబ్బు కనపడింది. క్లచ్ తొక్కింది నా తెలివి కాదు, భయానికి కాలు బిగుసుకుపోయి దాని మీద పడింది. ముందు చక్రాలు ధబీమని బురదలో పడ్డాయి. తర్వాత గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వం వాళ్ళ వ్యవసాయ యంత్రాల సంస్థకి శిక్షణకి వెళ్ళినప్పుడు లెక్క తెలిసింది. ముందు భాగం లేవడం మొదలయ్యాక దాదాపు ముప్పావు సెకనులో ఇక ఆపలేని చోటుకి చేరిపోతుంది, సెకనున్నరలో బండి డ్రైవర్ మీద ఉంటుంది. దూకేద్దాంలే అనుకునేవాళ్ళకి ఈ లెక్క తెలియదు.

రెండోసారి అదృష్టం అంత కలిసిరాలేదు. 2009లో పంట కాలువ గట్టు మీద వస్తుంటే అంచు జారి బండి పక్కకి ఒరిగింది. బార్ లేదు. ఒక వర్క్‌షాపులో చేయించిన టాప్ ఉంది. నాలుగు పైపులు, పైన రేకు, చుట్టూ కుచ్చులు, ముందు వైపు దేవుడి పేరు. నాలుగు పైపులూ అరటి దూటల్లా వంగిపోయాయి. కింద బోదె బురద మెత్తగా ఉంది, నేను అందులోకి దిగబడ్డాను, కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటికీ నడుం వాన పడేముందు నాకు కబురు చెబుతుంది.

అందుకని టాప్‌నీ బార్‌నీ ఒకటిగా చూడకు. టాప్ ఎండకి. బార్‌ని పరీక్ష చేసి అమ్ముతారు. వెనక నుంచి, పక్క నుంచి హైడ్రాలిక్ జాకీలతో నెడతారు, పై నుంచి నొక్కుతారు. అది వంగినా పర్లేదు, డ్రైవర్ కూర్చునే చోటులోకి మాత్రం రాకూడదు. వంగుతూ దెబ్బని మింగేలా చేసిన ఇనుము అది. అలా పరీక్షకి నిలిచిన బార్ కాలి మీద చిన్న ప్లేటు ఉంటుంది. తయారుచేసినవాళ్ళ పేరు, బార్ నంబరు, ఏ మోడల్ ట్రాక్టర్‌కి, ఏ ప్రమాణం ప్రకారం అనేది దాని మీద ఉండాలి. మన దేశంలో అయితే ఐఎస్ 11821, బయట దేశాల పద్ధతి అయితే ఓఈసీడీ కోడ్ అని ఉంటుంది. నువ్వు మొదట చేయాల్సింది, గుడ్డతో ఆ ప్లేటు తుడిచి, మోడల్ నీ బండిదేనా కాదా చూసి, ఫొటో తీసి నాకు పంపడం. వేరే మోడల్ బార్ రంధ్రాలు కలిశాయి కదా అని బిగించేసే డీలర్లూ ఉన్నారు. బరువైన బండికి తేలికపాటి బండి బార్ పెడితే అది నా పాత టాప్‌కి చుట్టం అవుతుంది.

ప్లేటు అయ్యాక కిందకి వంగి కాళ్ళు చూడు. బార్ రెండు కాళ్ళూ వెనక ఇరుసు గొట్టాల మీద బోల్టులతో కూర్చుని ఉంటాయి. బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అనో 10.9 అనో అంకెలు కనపడాలి. అంకెలేవీ లేకపోతే అది బజారు బోల్టు, షోరూంలో ఎవరో మార్చారన్నమాట. లారీ మీద తెచ్చేటప్పుడు బార్ ఊడదీసి, దించాక హడావుడిగా బిగించడం మామూలే, అక్కడే తేడా వస్తుంది. ఎంత బిగువు ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. చేతి అంచనాతో కాకుండా బిగువు కొలిచి చూపించే టార్క్ రెంచ్‌తో బిగించమను. బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకి తెల్ల పెయింట్‌తో సన్నగా ఒక గీత గీయి. నేను అన్ని బోల్టులకీ అదే చేస్తాను. ఫస్ట్ సర్వీసు నాటికి గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగి కనిపిస్తే నట్టు వదులైనట్టే, మెకానిక్‌ని అడగక్కర్లేదు.

మడత దగ్గర రెండు పిన్నులూ, రెండు క్లిప్పులూ కంపెనీవే కావాలి. ఆ వైరు ముక్క పీకేసి షోరూంలో క్లిప్పు అడుగు. అది వాళ్ళు నీకు బాకీ. పిన్ను పోతే మేకో, రాడ్డు ముక్కో దూర్చేవాళ్ళని చాలామందిని చూశాను. బండి తిరగబడితే ఆ మేకు మీదే మొత్తం బరువు ఆనుతుంది. బార్ పైకెత్తి పిన్ను పెట్టాక రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపు. టకటకలాడితే రంధ్రాల దగ్గర వదులు ఉంది, తీసుకెళ్ళి చూపించు.

ఇక బెల్టు. ఇదే నువ్వు నవ్వేసి వదిలేసే సంగతి. కారులో పోలీసుకి భయపడి పెట్టుకుంటావు, పొలంలో ఎవరు చూస్తారు అంటావు. బార్ ఉన్న బండి పక్కకి పడితే మామూలుగా అక్కడే ఆగుతుంది, మళ్ళీ మళ్ళీ దొర్లదు. కానీ నువ్వు సీట్లో లేకపోతే బార్ ఏం కాపాడుతుంది? విసిరేసినట్టు బయటపడతావు, బార్ నీ మీదే పడొచ్చు. సీట్లో కూర్చుని బెల్టు పొట్ట మీద కాకుండా తొడలకి పైన, తుంటి ఎముకల మీద పడేలా పెట్టుకో. లాక్ టక్కుమనాలి, గట్టిగా గుంజినా ఊడకూడదు. సీటు ముందుకీ వెనక్కీ జరిపే గొళ్ళెం కూడా చూడు, అది ఆగకపోతే సీటుతో పాటు నువ్వూ జారతావు.

దీనికి మినహాయింపు ఒక్కటే, జాగ్రత్తగా విను. బార్ మడిచి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోకు. పైన అడ్డు లేకుండా బెల్టుతో కట్టేసుకుంటే బండి కింద నుంచి తప్పించుకునే చిన్న అవకాశం కూడా పోతుంది.

అసలు బార్ ఎందుకో నీకు అర్థం కావాలంటే ఒక పని చెయ్యి. బార్ ఎత్తి, దాని నెత్తి మీద నుంచి బానెట్ ముక్కు దాకా తాడు బిగుతుగా కట్టు. సీట్లో కూర్చో. నీ తల తాడు కింద ఉంటుంది. బండి తలకిందులైతే దాదాపు ఆ తాడే నేల. ఇప్పుడు బార్ మడిచి అలాగే కట్టి మళ్ళీ కూర్చో. తాడు ఎక్కడ తగిలిందో నాకు ఫోన్ చేసి చెప్పు. ఇది గార్లదిన్నెలో చేసే పరీక్ష కాదులే, నా వంటి మొద్దుకి తలకెక్కిన పద్ధతి.

తోటలో మడవకుండా కుదరదని నాకూ తెలుసు. ఎత్తిన బార్ కొమ్మకి చిక్కుకుంటే బండి ముందు భాగం లేచే ప్రమాదం కూడా ఉంది. మట్టలు తగిలే వరసల్లో మడువు, నెమ్మదిగా తోలు, తోట గేటు దాటగానే దిగి ఎత్తు. దిగడం బద్ధకం అనిపిస్తుంది. నాకూ అనిపించేది.

బార్‌కి వెల్డింగ్ చేయించకు, రంధ్రం పెట్టించకు. సంక్రాంతికి మీ స్నేహితులు సౌండ్ బాక్సుల కోసం స్టాండు అంటారు, ఒప్పుకోకు. వెల్డింగ్ వేడి తగిలినచోట ఇనుము గుణం మారిపోతుంది. ఒకసారి బండి బోల్తా పడ్డాక వంగిన బార్‌ని కొట్టి సరిచేయడం కూడా అంతే, కొత్తది వేయాలి. ఇంకోటి, బార్‌కి తాడు కట్టి ఏదీ లాగొద్దు. మోడు లాగాలన్నా, కూరుకుపోయిన బండి లాగాలన్నా బండి వెనక కింద ఉండే లాగుడు పట్టీకే, డ్రాబార్‌కే కట్టాలి. లాగే చోటు ఇరుసు కన్నా పైకి వెళ్ళిందా, నాకు కనపడిన మబ్బు నీకూ కనపడుతుంది. దమ్ములో దిగబడితే దుంగ కట్టకు, వెనక్కి రావడానికి చూడు, రాకపోతే ఇంకో బండి పిలువు.

రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడళ్ళనీ కలిపే లాక్ వేయి. పొలంలో మలుపు కోసం విడదీస్తాం, రోడ్డు మీద మర్చిపోతాం. ఒక్క పెడలే పడితే బండి ఆ చక్రం చుట్టూ గిర్రున తిరుగుతుంది. గట్టు మీద అయితే, కాలువ ఎంత లోతు ఉంటే అంచుకి కనీసం అంత ఎడంగా తోలు. మీ ఊరి గట్టు అంత వెడల్పు ఉండదంటావేమో. లేకపోతే చుట్టు తిరిగి రా, డీజిల్ నేనిస్తాను.

ఇంత చెప్పినా ఆ బార్ కాపాడేది ఒక్క సీటునే. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లాడికి అది లేదు, వెనక తగిలించిన ట్రక్కులో ఉన్నవాళ్ళకీ లేదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలని తీసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రక్కు కాలువలో పడి పదిహేను మంది పోయారు. అందులో ఎక్కువమంది నాట్లకి, కలుపులకి వెళ్ళే ఆడవాళ్ళే. నీ రెండో ఫొటోలో మా బుజ్జిది మడ్‌గార్డు మీద కూర్చుని నవ్వుతోంది. బండి ఆగి ఉంది, సరే. కానీ దానికి ఆ చోటు అలవాటు చేయకు. రేపు తాళం తిప్పిన చప్పుడు వినగానే అదే ఎక్కి కూర్చుంటుంది, దింపితే ఏడుస్తుంది, నీకు మనసొప్పదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. టార్క్ రెంచ్ మా మెకానిక్ దగ్గర అడిగి తెస్తాను, తెల్ల పెయింటు డబ్బా ఇంట్లో ఉంది. నువ్వు శనివారం షోరూంకి వెళ్ళి క్లిప్పు తెచ్చిపెట్టు, వాళ్ళు స్టాకు లేదంటే రాసిచ్చి సంతకం పెట్టమను, వెంటనే దొరుకుతుంది. ప్లేటు ఫొటో మాత్రం ఈ రాత్రికే పంపు. పూజ అయిపోయింది కదా, ఆ దండ తీసేయ్.

మీ మావయ్య