గిన్నెల మీద పేర్లు

చిట్టీ,

ప్రభువు పేరట శుభాలు. ఈస్టరు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలైన భస్మ బుధవారం నాడు నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పలేకపోయాను, ప్రార్థన కూటానికి వేళయిపోయింది. "పెద్దమ్మా, ఈ నలభై రోజులూ మాంసం మానేస్తున్నాను, ఇంకేమైనా మానాలా?" అన్నావు. ఆ మాట పూర్తికాకముందే మీ ఇంటి గంట మోగింది. పార్సిల్ వచ్చిందన్నావు. ఆ గంట గురించే ఈ ఉత్తరం.

మాంసం మానడం మంచిదే. మా చిన్నప్పుడు శ్రమదినాలు వచ్చాయని వీధిలో కూర వాసనను బట్టే తెలిసేది. పెళ్లిళ్లు ఆగేవి, ఆడవాళ్లు పూలు పెట్టుకునేవారు కాదు. అయితే అప్పట్లో మాంసం అరుదైన వస్తువు, మానితే కంచంలో నిజంగా ఏదో తగ్గేది. నీకు కోడికూర ఒక లెక్కలోది కాదు. దాని బదులు పనీరు, పుట్టగొడుగులు తెప్పించుకుంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది కూడా. నీ చేతికి దేన్ని వదలడం కష్టమో దాన్ని వదలాలి. నాకు తెలిసి అది రాత్రి పడుకునే ముందు ఫోనులో వస్తువులు చూడటం.

నేనేదో పరిశుద్ధురాలిననుకోకు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, సరిగ్గా శ్రమదినాల మధ్యలోనే, బడికి వాయిదాల మీద చీరలు తెచ్చే ఆవిడ దగ్గర మూడు చీరలు తీసుకున్నాను. అందులో తెల్లది శుభ శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు కట్టుకుందామని. సిలువ దగ్గర మూడు గంటలు కూర్చోవడానికి కూడా కొత్త చీర కావలసి వచ్చింది చూడు! మీ పెదనాన్నకు కనబడకుండా బీరువా అడుగున దాచాను. ఈస్టరు వెళ్లిపోయింది, వేసవి సెలవులు వెళ్లిపోయాయి, ఆ వాయిదాలు మాత్రం దసరా దాకా కట్టాను.

వట్టి మానడమే పెట్టుకుంటే మనసు మానినదాని చుట్టూనే తిరుగుతుంది. అందుకని పది పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని ఒకటి చెబుతాను. వంటింట్లో స్టీలు గిన్నెలు తిరగేసి చూడు. పెళ్లికి, గృహప్రవేశానికి వచ్చినవాటి మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ కొట్టించి ఉంటాయి. రోజుకొకటి తీయి. ఆ పూట అందులోనే వండు. పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇచ్చిన మనిషిని తలుచుకో, పేరు పెట్టి ప్రార్థించు. బతికి ఉంటే ఫోను చేయి. సమస్తానికీ వందనాలు ప్రభువా అని ఒక్క ఊపులో చెప్పే ప్రార్థన నోటికి సులువు. ఈ పాలగిన్నెకు వందనాలు అనాలంటే ముందు ఆ గిన్నెను చూడాలి కదా.

పోయినేడు నాకు పదిహేడో రోజున ఒక చిన్న చెంబు చేతికొచ్చింది. దాని మీద ఉన్నది మా బడిలో ఆయాగా పనిచేసినావిడ పేరు. ఆమె జీతమెంతో నాకు తెలుసు. ఆ చెంబును నేను ఇన్నేళ్లూ స్నానాల గదిలో పడేశాను. ఇప్పుడు అది మంచినీళ్ల బిందె మీద ఉంటుంది. ఆ రోజు నేనేమీ కొనలేదు, కొనాలనీ అనిపించలేదు. గిన్నెలు అయిపోతే చీరలు, పుస్తకాలు ఉన్నాయి. మీ ఇంట్లో నలభై దొరకవేమోనన్న భయం నాకు లేదు.

కొనాలనిపించినవి క్యాలెండరు వెనక రాసి ఈస్టరు సోమవారం దాకా వదిలేయి. నేను పోయినేడు పద్నాలుగు రాస్తే మూడు మిగిలాయి, అందులో ఒకటి చీపురు. ఫోనులో దాచిపెట్టిన కార్డు నంబరు తీసేయి. ప్రతిసారీ పదహారు అంకెలూ కొట్టవలసి వస్తే సగం కోరికలు అక్కడే చల్లారతాయి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న రవ్వ పొట్లాలు కిందటిసారి మీ ఇంట్లో చూశాను. రెండోదాంట్లో పురుగు పట్టింది, నువ్వు చూడకముందే నేను జల్లించాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, మన్నా సంగతి గుర్తొచ్చింది. ఏ రోజుది ఆ రోజు ఏరుకోమంటే కొందరు మర్నాటికి దాచారు. తెల్లారేసరికి అది పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతిదినం కోసం దాచినదానికి మాత్రం ఏమీ కాలేదు. కాబట్టి నెల సరుకులు తెచ్చుకోవడం తప్పని నేననను, ఆ రెండో పొట్లం సంగతే అంటున్నాను.

మిగిలిన డబ్బు ఖాతాలో ఉంచితే ఈస్టరు బట్టలకు పోతుంది, నాకు తెలుసు. ఏ వారానిది ఆ వారమే ఇల్లు దాటించు. మా అమ్మ బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసేది, చర్చి స్త్రీల సమాజం వాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. నేనూ వేస్తాను. కిందటి శ్రమదినాల్లో మూడు కిలోల పైచిలుకు అయింది. ఇంకొక మాట. పొదుపు పేరుతో మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతంలో కోత పెట్టకు, కూరలమ్మే ఆవిడతో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడకు. ఉపవాసం ఉంటూనే పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకుంటున్నారని యెషయా యాభై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు గట్టిగానే అడిగాడు.

ఆదివారాలు ఈ నలభైలో లెక్కకు రావు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కపెడితే నలభై ఆరు వస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం పునరుత్థానం నాటి రోజు కాబట్టి ఆ పూట పిల్లలకు కోడికూర వండిపెట్టు, నువ్వూ తిను. మీ ఆయన్ని ఇందులోకి లాగకు, ఆయనకు తోస్తే ఆయనే వస్తాడు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం ఏమీ పెట్టకు. ఉపవాసమున్నప్పుడు ఆ సంగతి మనుషులకు కనబడకుండా ముఖం కడుక్కోమన్నాడు ప్రభువు.

మీ ఇంట్లో నా పేరుతో ఒక ఇడ్లీ గిన్నె ఉండాలి, నీ పెళ్లికి ఇచ్చింది. దాని వంతు వచ్చిన రోజు ఫోను చేయి. ఎనిమిది దాటాక చేయి, అప్పటిదాకా కూటంలో ఉంటాను.

మీ పెద్దమ్మ